ఓటడుగ వచ్చిన రాష్ట్రపతి

1969వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీ. శ్రావణమాసము ప్రవేశించి వారమైనను కాలేదు. గోదావరి ఎర్రనీటితో కాలువలు ఒడ్డులంట పారుచుండెను. సార్వా నాట్లు ముగించుకొనిన రైతులు, బడి విడిచి వచ్చిన మావంటి పిల్లలు, సాయంకాలపు పత్రికకొరకు నిరీక్షించు పంతుళ్లు అందరును మా ఊరి గ్రంథాలయపు అరుగుమీదనే చేరియుండిరి. లోపల బల్లమీది రేడియో ఢిల్లీలో జరుగుచున్న ఓట్ల లెక్కింపును గూర్చి చెప్పుచుండెను. వరాహగిరి వేంకటగిరిగారికి మొదటి ప్రాధాన్యపు ఓట్లు 4,01,515. నీలం సంజీవరెడ్డిగారికి 3,13,548. చింతామణి దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. "ఇంకేముందండీ, గిరిగారు గెలిచినట్టే" అని ఒకరనగా, "ఎక్కడ గెలిచారండీ? 4,18,169 వస్తేగాని కుదరదట. రెండో లెక్క ఉంది, కూర్చోండి" అని మరియొకరు వారించిరి.

అపుడు మా పెదతాతగారు, పిల్లలకు చదువు చెప్పి తల నెరసినవారు, చేతికఱ్ఱ నేలకు తాటించి, "గెలుపోటముల మాట అలా ఉంచండర్రా. రాష్ట్రపతి కావలసినవాడు ఊళ్లు పట్టుకు తిరిగి ఓటడగడమేమిటి? రాధాకృష్ణన్‌గారు ఎవరి గుమ్మమైనా ఎక్కారా?" అనిరి. అరుగుమీద ఎవరును మారుమాటాడలేదు. పదేండ్ల పిల్లవానికి ఆ ప్రశ్నలోని బరువు తెలియలేదుగాని, ఆ పిమ్మట రాష్ట్రపతి ఎన్నిక వచ్చినపుడెల్ల, అభ్యర్థుల చిత్రములు పత్రికలలో చూచినపుడెల్ల, ఆ కఱ్ఱ చప్పుడు నా చెవిని బడుచునే యున్నది. ఇన్నేండ్లకు దానికొక సమాధానము చెప్పవలెనని ఈ ప్రయత్నము.

పెదతాతగారి తరమునకు రాధాకృష్ణన్‌గారు దూరపు దేవుడు కారు. 1917 ప్రాంతమున రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలలో తత్త్వశాస్త్రము బోధించిన యువకాచార్యులు వారు. 1931 మొదలు 1936 వరకు వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలర్‌గా ఉండి దానికొక రూపము కల్పించినవారు. ఉపరాష్ట్రపతి పదవి 1952లోను 1957లోను పోటీ లేకయే వారిని వరించెను. 1962లో రాష్ట్రపతి పదవికి ఇరువురు ఎదురు నిలిచిరిగాని, వారిలో ఒకరికి 6,341 ఓట్లును, మరియొకరికి 3,537 ఓట్లును రాగా, రాధాకృష్ణన్‌గారికి 5,53,067 వచ్చెను. ఇట్టి ఎన్నికలో అభ్యర్థి ఎవరినైనను ఏమి అడుగవలెను? తెల్లని తలపాగా, పొడవైన కోటు, చేత కాగితము లేకుండ గంటలకొలది సాగు ఆ వాగ్ధార, వీటి ముందు ప్రచారమను మాటయే చిన్నబోయెను. ఆ హుందాతనము నిజమైనదే; దానిని నేను ఇసుమంతయు తక్కువ చేయను. కాని దాని క్రింద ఒక గణితము కూడ నుండెను. కేంద్రమునను రాష్ట్రములలోను ఒకే పక్షము నిండియున్న కాలమున, ఆ పక్షము పేర్కొన్నవారే రాష్ట్రపతి. అంతకు పూర్వము 1952లో రాజేంద్రప్రసాద్‌గారికి 5,07,400 ఓట్లు రాగా, ఎదిరించిన కె.టి. షాగారికి 92,827 మాత్రమే దక్కెను. రాష్ట్రపతిని వయోజనులందరును నేరుగా ఎన్నుకొనవలెనని రాజ్యాంగసభలో పట్టుబట్టిన మేధావి ఆయన, తాను వలదన్న పద్ధతిలోనే పోటీచేసి ఓడిపోయిరి.

ఆ పద్ధతిని ఇచట కొంచెము చెప్పక తప్పదు. రాష్ట్రపతికి ఓటు వేయువారు మనము కాము; పార్లమెంటు ఉభయసభలకును, రాష్ట్ర శాసనసభలకును ఎన్నికైన సభ్యులు. ఆనాడు వారందరును కలిసి సుమారు నాలుగువేలమంది. శాసనసభ్యుని ఓటు విలువ ఆ రాష్ట్ర జనసంఖ్యనుబట్టి మారును. నేటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 159. ఓటు రహస్యము. ఓటరు తన ఇష్టానుసారము ఒకటి, రెండు, మూడు అని వరుసగా అంకెలు వేయవచ్చును. ఎవరికిని సగమునకు మించి రానిచో, అందరికంటె తక్కువ వచ్చినవారిని తొలగించి, వారి కాగితములపై రెండవ అంకె ఎవరికున్నదో వారికి ఆ ఓటును బదలాయింతురు. డెల్టావారికి దీనిని వివరింపనక్కరలేదు. ఒక బోదె మూసినపుడు అందలి నీరు ఊరక నిలువదు, ప్రక్క బోదెకు మళ్లును. లాకు తలుపు ఎత్తువరకు ఏ పొలమునకెంత నీరో ఎవ్వరును చెప్పలేరు.

రాష్ట్రపతి పదవికి పోటీ అనునది నిజముగా పోటీ అయిన తొలి సంవత్సరము 1967. ఆ పోటీని ఇచ్చినవారు గోదావరి గట్టునుండి వచ్చిన మనిషి యనుట, మన జిల్లాలలో సైతము నేడు చాలమందికి జ్ఞప్తి లేదు.

కోకా సుబ్బారావుగారు 1902 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించి, ఆ ఊరి కళాశాలలోనే చదివి, మదరాసులో న్యాయశాస్త్రము నేర్చి, 1948లో అచటి హైకోర్టున న్యాయమూర్తియై, 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, 1958లో సుప్రీంకోర్టునకును, 1966 జూన్ 30న దాని అగ్రపీఠమునకును చేరిరి. తోటి న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు ఒక త్రోవ పట్టినపుడు, తాము వేరొక త్రోవను నిలిచి, అందులకు గల కారణములను ఓపికతో వ్రాసిపెట్టుట వారి స్వభావము. 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యమున, పోలీసు నిఘా నీడలో బ్రదుకు మనిషికి వ్యక్తిస్వేచ్ఛ యున్నదనుట పొసగదనియు, ఏకాంతము ఆ స్వేచ్ఛలో అంతర్భాగమనియు వారు వ్రాసిన భిన్నాభిప్రాయము, 55 సంవత్సరములకు, 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ముందు దేశపు న్యాయమై నిలిచెను. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యమున, పదునొకండుగురిలో ఆరుగురి పక్షమున, ప్రాథమిక హక్కులను కుదించు అధికారము పార్లమెంటునకు లేదని తీర్పు చెప్పినవారును వారే.

ఆ తీర్పు వెలువడి ఆరు వారములు నిండిన మరునాడే, ఏప్రిల్ 11న, ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా ఇచ్చి, ప్రతిపక్షముల ఉమ్మడి అభ్యర్థిగా వారు బరిలోనికి దిగిరి. జూలై 15 నాటికి 65 ఏండ్లు నిండి ఎటులను విరమింపవలసినవారే; అయినను, న్యాయాసనమునుండి లేచి నేరుగా ఎన్నికకు నడచుట తగదని న్యాయవాదులలోనే పెద్దలు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణను నేను త్రోసివేయజాలను. తీర్పు చెప్పినవారిని ఆ తీర్పు నచ్చినవారు పదవికి పిలిచినారను అనుమానము న్యాయస్థానమునకు మేలు చేయదు. రాజీనామాకును అభ్యర్థిత్వమునకును నడుమ కొంతకాలపు ఎడము ఉండియుండవలసినది. కాని వారి పోటీ తీరును చూచినపుడు నా మనసు ఆర్ద్రమగును. ఎన్నిక మే 6న. చేతిలో నున్నది ఇరువదియైదు దినములు. వెనుక స్వంతమైన పార్టీ లేదు, కార్యకర్తలు లేరు, ఏనాడును ఒక పంచాయతీ ఎన్నికలోనైనను నిలిచిన అనుభవము లేదు. చూపుకొనుటకు నున్నవి తీర్పులు. పౌరునకు రాజ్యమునకంటె ముందుగా కొన్ని హక్కులు కలవనియు, వానిని కాపాడుటకే రాజ్యాంగమున్నదనియు తొమ్మిదేండ్లుగా సుప్రీంకోర్టున వ్రాసినదే వారి ఎన్నికల ప్రణాళిక. ఎదుటనున్న జాకిర్ హుస్సేన్‌గారును విద్యావేత్తయే, సౌజన్యమూర్తియే. ఆ ఎన్నికలో ఎవరు గెలిచినను దేశమునకు కొఱత లేదు. ఆ యేటి సార్వత్రిక ఎన్నికలలో పెక్కు రాష్ట్రములు కాంగ్రెసు చేజారియుండుటచే, రాష్ట్రపతి ఎన్నికలో గణితము మొదటిసారిగా ఒరిగి నిలిచెను. పదునేడుగురు పోటీచేయగా, తొమ్మండుగురికి ఒక్క ఓటైనను రాలేదు. జాకిర్ హుస్సేన్‌గారికి 4,71,244, సుబ్బారావుగారికి 3,63,971. ఓడినవారు మౌనముగా తప్పుకొనిరి. అదే మే నెలలో ఉపరాష్ట్రపతిగా ఎన్నికైనవారు వి.వి. గిరిగారు.

ఇక గిరిగారి చరిత్ర వేఱొక నది. వారి తల్లిదండ్రులది ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా చింతలపల్లి. అచటినుండి ఆ కుటుంబము తరలిపోయి, అప్పటి మదరాసు రాష్ట్రపు గంజాం జిల్లా బరంపురమున స్థిరపడెను. తండ్రి జోగయ్యపంతులుగారు పేరుగన్న న్యాయవాది. గిరిగారు 1894 ఆగస్టు 10న పుట్టి, 1913లో న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండు వెళ్లి, డబ్లిన్ నగరమున ఆ జాతి స్వాతంత్ర్యసమరపు వేడిని కన్నులార చూచి, 1916లో అచటి ప్రభుత్వము వెడలిపొమ్మనగా తిరిగివచ్చిరి. చదివినది న్యాయవాదవృత్తి, పట్టినది రైల్వే కార్మికుల చేయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెలు, అఖిలభారత రైల్వే కార్మిక సమాఖ్య, రెండుసార్లు అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షత, ఇట్లు నడచినది ఆ జీవితము. ఫ్యాక్టరీ గేటు ముందర నిలబడి వందలమందితో మాటాడుట, అదే సాయంకాలము యజమానితో ఒకే బల్లకడ కూర్చుండి బేరమాడుట, రెండును తెలిసిన మనిషి. అడుగుట వారికి నామోషీ కాదు; అది వారి వృత్తి.

ఆ అడుగుటలోని బలము తొలిసారి దేశమునకు తెలిసినది 1937లో. మదరాసు శాసనసభకు బొబ్బిలి స్థానమున సాక్షాత్తు బొబ్బిలి రాజావారే జస్టిస్ పార్టీ పక్షమున నిలిచిరి. రాష్ట్రమునకు ప్రధానమంత్రిగా ఏలినవారు, ఆ నేలకు జమీందారులు, వారి మాటకెదురు లేదనుకొను ఊళ్లవి. గిరిగారు కాంగ్రెసు పక్షమున వారిని వారి గడపలోనే ఎదిరించిరి. ఆ ఎన్నికలలో ఒక్కొక్క పక్షమునకు ఒక్కొక్క రంగు పెట్టె. కాంగ్రెసుది పసుపు పెట్టె. అక్షరము రాని రైతునకు పసుపును గూర్చి చెప్పవలసిన పని యేమున్నది? గడపకు పూసినది, పెండ్లిలో చేతికి కట్టినది. ఆ పెట్టె నిండెను, రాజావారు ఓడిరి. గిరిగారు రాజాజీ మంత్రివర్గమున కార్మికశాఖ మంత్రియైరి.

గెలుపులే కాదు, ఓటములును వారికి తెలియును. 1952లో పాతపట్నమునుండి లోక్‌సభకు వెళ్లి కేంద్ర కార్మికమంత్రియై, బ్యాంకు ఉద్యోగుల జీతభత్యముల విషయమున ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చినదని 1954లో పదవిని వదలుకొనిరి. 1957లో పార్వతీపురమున, ఇద్దరు సభ్యుల నియోజకవర్గములో, గిరిజనులైన అభ్యర్థులే రెండు స్థానములను గెలుచుకొనగా వారు ఓడిపోయిరి. జనరల్ స్థానమును గిరిజనుడెట్లు పొందునని సుప్రీంకోర్టువరకు వెళ్లి అచటను ఓడిరి. జీవితమంతయు అణగినవారి పక్షమున నిలిచిన మనిషి ఆ ఒక్క వ్యాజ్యము వేయకుండినచో బాగుండునని నాకు తోచును. పిదప ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగా నుండి, ఉపరాష్ట్రపతియై, 1969 మే 3న జాకిర్ హుస్సేన్‌గారు ఆకస్మికముగా మరణించినపుడు తాత్కాలిక రాష్ట్రపతియైరి.

ఆ జూలైలో బెంగుళూరున కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించెను. గిరిగారు స్వతంత్రముగా పోటీచేయ నిశ్చయించిరి. జూలై 19న 14 బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై సంతకము చేసి, మరునాడు తాత్కాలిక రాష్ట్రపతిత్వమునకును, ఉపరాష్ట్రపతి పదవికిని రాజీనామా ఇచ్చిరి. దేశాధిపత్యము కొలది వారములపాటు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారి చేతికి వెళ్లెను. పదునైదేండ్ల క్రిందట బ్యాంకు ఉద్యోగుల కొరకు మంత్రిపదవి విడిచిన చేతికి, రాష్ట్రపతి స్థానమున చివరి పెద్ద పని బ్యాంకుల కాగితముపై సంతకమే యగుట చూచినపుడు, ఒక్కొక్క జీవితమునకు ఒక్కొక్క త్రోవ కలదనిపించును.

అచటినుండి ఆగస్టు 16 వరకు గిరిగారు చేసినది ఆనాటికి రాష్ట్రపతి అభ్యర్థులకు అలవాటు కానిది. రాష్ట్ర రాజధానులు తిరిగి, శాసనసభ్యులను కలిసికొని, పక్షభేదము చూడక, తమకు ఓటు వేయుమని అడిగిరి. పోలింగునకు ఆరు దినముల ముందర 75 ఏండ్లు నిండినవి. రాధాకృష్ణన్‌గారు వేదికమీదినుండి పలికినచో సభ నిశ్శబ్దమగును. గిరిగారు గదిలోనికి వచ్చినచో భుజముమీద చేయి వేసి పలుకరింతురు. ఒకరిది ఆచార్యుని భాష, మరియొకరిది కార్మికసంఘపు భాష. ఒకరిని చూచినపుడు ప్రజలు తలయెత్తి చూతురు; మరియొకరిని ప్రక్కకు తిరిగి చూచిన చాలును. నా పెదతాతగారికి నొప్పి కలిగించినది సరిగా ఇదియే.

ఇంతలో దేశరాజకీయము వేఱొక మలుపు తిరిగెను. సంజీవరెడ్డిగారి పేరును ప్రతిపాదించి నామినేషన్ పత్రముపై సంతకము చేసిన ప్రధాని ఇందిరాగాంధీయే, చివరి దినములలో, సభ్యులు అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయవలెననిరి. రెండవ ప్రాధాన్యపు ఓట్లకొరకు కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్పగారు జనసంఘము, స్వతంత్ర పక్షముల నాయకులతో మాటాడుట ఆమెకు ఆయుధమయ్యెను. ఈ పెనుగులాట చివరకు ఆ యేటి నవంబరులో కాంగ్రెసును రెండుగా చీల్చెను. పాఠకులు గమనింపవలసిన వింత మరియొకటి కలదు. తెలంగాణ ఉద్యమముతో తెలుగువారి నడుమ మనసులు కలతబారియున్న ఆ సంవత్సరముననే, దేశపు అత్యున్నత పీఠమునకు పోటీపడినవారిలో ముఖ్యులు మువ్వురును తెలుగునేలకు చుట్టములు. గిరిగారు చింతలపల్లి వంశీకులు. సంజీవరెడ్డిగారు అనంతపురము జిల్లా ఇల్లూరు రైతుబిడ్డ. దేశ్‌ముఖ్‌గారు మహారాష్ట్రులే యైనను దుర్గాబాయమ్మగారి భర్తగా రాజమహేంద్రవరమునకు అల్లుడు. ఆమె పుట్టినదియు జూలై 15వ తేదీయే, సుబ్బారావుగారి పుట్టినరోజే, ఏడేండ్ల తరువాత.

ఆ ప్రచారమునకు ఒక మచ్చయు నున్నది. సంజీవరెడ్డిగారి శీలమును దూషించు పేరులేని కరపత్రమొకటి ఓటర్ల చేతులకు చేరెను. దాని గురించియే గిరిగారి ఎన్నికపై సుప్రీంకోర్టున వ్యాజ్యము నడచెను. పదవిలోనున్న రాష్ట్రపతి స్వయముగా న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యమిచ్చుట మన దేశమున అదియే మొదటిసారి. 1970లో వ్యాజ్యము కొట్టివేయబడెను. కరపత్రము ఎవరు వ్రాసినను, ఒక మర్యాదస్థుని మనసు నొచ్చినది; ఓట్లు అడుగు పద్ధతి తలుపు తెరచినపుడు, అడుగువారు పిలువని గాలులుకూడ ఆ తలుపులోనుండియే వచ్చును. పెదతాతగారి భయములో ఈ పాటి సత్యమున్నదని ఒప్పుకొనుచున్నాను. సంజీవరెడ్డిగారు లోక్‌సభ స్పీకరు పదవిని వదలుకొని ఈ ఎన్నికకు వచ్చినవారు. ఓడి ఇల్లూరికి తిరిగిపోయి వ్యవసాయము చూచుకొనిరి. 1977లో వారు మరల అభ్యర్థియైనపుడు 37 నామినేషన్లలో 36 తిరస్కరింపబడి, పోటీ లేకయే రాష్ట్రపతియైరి. ఒకే మనిషి ఒకసారి గిరిగారి కాలపు ఎన్నికను, ఒకసారి రాధాకృష్ణన్‌గారి కాలపు ఎన్నికను చవిచూచిన వృత్తాంతము మరియొకటి లేదు.

అడుగక పొందినవారి గౌరవము గొప్పదా, అడిగి పొందినవారి గౌరవము గొప్పదా? రాధాకృష్ణన్‌గారిని దాదాపు ఎవరును కాదనలేదు గనుక వారు అడుగలేదు. కాదనువారు ఉన్నచోట అడుగుటయే మర్యాద. ఎదుటివానికి కాదను హక్కు కలదని ఒప్పుకొనుట అందులో నున్నది. పసుపు పెట్టెకొరకు బొబ్బిలి రైతును అడిగిన మనిషి, రాష్ట్రపతి పీఠమునకు శాసనసభ్యుని అడిగినపుడు చిన్నవారు కాలేదు. అడుగుటకు ముందు ఏమి వదలుకొనిరి, అడుగునపుడు ఏమి చెప్పిరి, ఓడినపుడు ఎట్లు వెళ్లిరి, ఈ మూడింటినిబట్టి నేను అభ్యర్థులను తూచుచున్నాను. ఆ తూకమున గెలిచిన గిరిగారికంటె ఓడిన సుబ్బారావుగారు నా మనసున ఒక వీసము ఎక్కువ తూగుదురు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. ఒక్క ఓటైనను రాని అభ్యర్థుల బెడద తగ్గించుటకు 1974లో ప్రతిపాదించువారు, బలపరచువారు పదేసిమంది ఉండవలెనని చట్టము మారెను. 1997లో అది ఏబదేసి అయ్యెను. రాజధానులు తిరిగి ఓటడుగుట నేడు ఎవరికిని తప్పుగా తోచదు. 2022 జూలైలో ద్రౌపదీ ముర్ముగారు మంగళగిరికి వచ్చి శాసనసభ్యులను కలిసినపుడు, మర్యాదభంగమని ఎవ్వరును అనలేదు. 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి పదవికి మరియొక తెలుగు న్యాయమూర్తి, విశ్రాంత జస్టిస్ సుదర్శన్‌రెడ్డిగారు నిలిచి, 452 ఓట్లకెదురుగా 300 పొంది ఓడినపుడు, న్యాయాసనము విడిచి పదునాలుగేండ్లయిన పిమ్మట వచ్చిన అభ్యర్థి గదా యని సుబ్బారావుగారిని తలచుకొంటిని.

ఆనాటి రాత్రి మాటతో ఇది ముగింతును. పొద్దుపోయిన వేళకు రేడియోలో రెండవ లెక్క వినవచ్చెను. దేశ్‌ముఖ్‌గారి బోదెలోని నీరు చాలవరకు సంజీవరెడ్డిగారి వైపే మళ్లెను; అయినను గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. తేడా 14,650. అరుగుమీద కేకలు లేచెను. పెదతాతగారు లేచి, లోపలికి పోయి, గ్రంథాలయపు గోడమీద సుద్దముక్కతో ఆ రెండు సంఖ్యలను ఒకదానిక్రింద ఒకటి వ్రాసి, తీసివేతచేసి, సరిచూచుకొని, చేతికఱ్ఱ తీసికొని ఇంటికి నడచిరి. వినాయకచవితికి గోడకు సున్నము కొట్టువరకు ఆ అంకెలు అట్లే యుండెను.